ఎస్-95 ఎగ్జామ్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి? ఫైర్ అలారం ప్యానెల్ ముందు నిలబడే వాళ్లకి ఫుల్ గైడ్

ఈ రోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ఇంటర్వ్యూల గురించి కూడా కాదు. న్యూయార్క్ సిటీలో ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టే ఒక పరీక్ష గురించి. దాని పేరు ఎస్-95. ఫైర్ అలారం సిస్టమ్‌ని సూపర్‌వైజ్ చేసే వ్యక్తికి ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఫిట్‌నెస్.

మన దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అంటే లారీకో, స్కూల్ బస్సుకో ఆర్టీవో ఆఫీసులో తీసుకునేది. అక్కడ ఇది మనిషికి ఇస్తారు. ఫలానా పని చేయడానికి ఈ మనిషి ఫిట్ అని ఎఫ్‌డీఎన్‌వై, అంటే న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్, టెస్ట్ పెట్టి మరీ చెప్తుంది. స్ప్రింక్లర్లకి ఒకటి, ఫైర్ గార్డ్ పనికి ఒకటి, ఇలా చాలా రకాలున్నాయి. మన టాపిక్ వరకు ఎస్-95 ఒక్కటే.

ఇది ఎందుకు చేస్తున్నానంటే, మా బావ వల్ల. మా అక్క అక్కడ హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తుంది. బావ ఇక్కడ ఈఈఈ చదివి, కొన్నాళ్లు సబ్‌స్టేషన్‌లో పని చేసి, పెళ్లయ్యాక వెళ్లాడు. హెచ్-4 ఈఏడీ వచ్చాక మాన్‌హట్టన్‌లో ఒక హోటల్ మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్‌లో చేరాడు. నైట్ షిఫ్ట్ ఇంజనీర్ పోస్ట్ ఖాళీ అయింది, జీతం ఎక్కువ, కానీ ఎస్-95 ఉంటేనే ఇస్తామన్నారు. నెల రోజులు టైమిచ్చారు. అక్కడ రాత్రి 9 అయితే మనకి ఉదయం ఆరున్నర. నేను టీ తాగుతూ, బావ డ్యూటీకి బయల్దేరే ముందు, రోజూ వాట్సాప్ కాల్‌లో కూర్చున్నాం. ఆ నెలలో ఇద్దరం కలిసి చదివిందే ఈ ఎపిసోడ్.

న్యూయార్క్‌లో మనకేం పని అనుకునేవాళ్లకి ఒక మాట. ఎగ్జామ్ ఆ ఊరిదే. కానీ అలారం మోగితే ఏం చేయాలి అన్న భాగం హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చున్న మీక్కూడా పనికొస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆరుగురు చనిపోయారు, అందరూ మన వయసు వాళ్లే. వాళ్లని మింగింది పొగ. కాబట్టి చివరిదాకా చూడండి.

ముందు బేసిక్స్ త్వరగా చెప్పేస్తా. వయసు కనీసం 18 ఉండాలి. ఇంగ్లీష్ అర్థం చేసుకోగలగాలి, ఎందుకంటే పరీక్ష ఇంగ్లీష్‌లోనే. కంప్యూటర్ మీద రాయాలి, అన్నీ మల్టిపుల్ చాయిస్. పాస్ మార్కు 70 శాతం. అప్లికేషన్ ఫీజు 25 డాలర్లు. ఫెయిలైతే ఆ ఫీజు మళ్లీ కట్టాలి. పాసైతే కార్డు మూడేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. ఐడీ ప్రూఫ్‌లు, మిగతా కాగితాలు ఏమేం కావాలన్నది ఎఫ్‌డీఎన్‌వై సైట్‌లో నోటీస్ ఆఫ్ ఎగ్జామ్ అనే పేజీలో ఉంటుంది. బుక్ చేసుకునే ముందు ఒకసారి, వెళ్లే ముందు రోజు ఇంకోసారి చూసుకోండి. ఇలాంటివి మారుతూ ఉంటాయి.

ఎగ్జామ్ సెంటర్ బ్రూక్లిన్‌లో ఎఫ్‌డీఎన్‌వై హెడ్‌క్వార్టర్స్, 9 మెట్రోటెక్ సెంటర్. జే స్ట్రీట్ మెట్రోటెక్ సబ్‌వే స్టేషన్‌లో దిగితే పక్కనే. ఎన్‌వైయూ టాండన్‌లో ఎంఎస్ చేస్తున్న మన తెలుగు వాళ్లకి అడ్రస్ చెప్పక్కర్లేదు, మీ కాలేజీ ఉన్న చోటే. స్టూడెంట్స్‌కి ఇంకో మాట కూడా. సర్టిఫికెట్ వేరు, వర్క్ ఆథరైజేషన్ వేరు. ఎఫ్-1 మీద ఉండి, ఈ కార్డు వచ్చింది కదా అని బయట పనికి వెళ్లొద్దు. వీసా రూల్స్‌ని ఈ కార్డు మార్చదు.

స్టడీ మెటీరియల్ ఎఫ్‌డీఎన్‌వై వాళ్లే ఫ్రీగా ఇస్తారు. కవర్ పేజీ మీదే ఫ్రీ అని రాసి ఉంటుంది. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అదే పీడీఎఫ్‌కి బొమ్మలు అతికించి, క్వశ్చన్ బ్యాంక్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. బావకి కూడా ఎవరో ఒకటి అంటగట్టబోయారు. కొనక్కర్లేదు. ప్రశ్నలు వచ్చేది ఆ బుక్‌లెట్‌లోంచే.

ఇంకో చిన్న జాగ్రత్త. యూట్యూబ్‌లో ఫైర్ అలారం క్లాసులు చాలావరకు ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే అమెరికా నేషనల్ స్టాండర్డ్ మీద ఉంటాయి. కాన్సెప్ట్ నేర్చుకోడానికి బెస్ట్. కానీ న్యూయార్క్ సిటీకి సొంత ఫైర్ కోడ్ ఉంది, కొన్ని రూల్స్ అక్కడ వేరు. రెండింటి మధ్య నంబర్ తేడా వస్తే, బుక్‌లెట్‌లో ఉన్న నంబరే పరీక్షకి ఆన్సర్.

సరే, ఇప్పుడు అసలు సబ్జెక్ట్. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

ప్యానెల్‌కి వచ్చే సిగ్నల్స్ మూడు రకాలు. అలారం, సూపర్‌వైజరీ, ట్రబుల్. ఈ మూడూ కలిపేసి చదివితే సగం ప్రశ్నలు పోతాయి. మామూలు తెలుగులో ఇలా గుర్తుపెట్టుకోండి.

అలారం అంటే, మంట ఉందేమో అని. స్మోక్ డిటెక్టర్, హీట్ డిటెక్టర్, గోడ మీద ఎర్రగా ఉండే పుల్ స్టేషన్, స్ప్రింక్లర్ పైపులో నీళ్లు కదిలితే తెలిసే వాటర్‌ఫ్లో స్విచ్. వీటిలో ఏది కదిలినా అలారం.

సూపర్‌వైజరీ అంటే, మంటను ఆర్పే సిస్టమ్ రెడీగా లేదు అని. బెస్ట్ ఉదాహరణ స్ప్రింక్లర్ వాల్వ్. మన అపార్ట్‌మెంట్‌లో ప్లంబర్ వచ్చి ట్యాంక్ గేట్ వాల్వ్ కట్టేసి, పని అయ్యాక తిప్పడం మర్చిపోయి వెళ్లిపోతాడు చూడండి. పొద్దున లేచి ట్యాప్ తిప్పితే నీళ్లు రావు. అదే స్ప్రింక్లర్ వాల్వ్ అయితే ఆ సంగతి మంట వచ్చినప్పుడు తెలుస్తుంది. అందుకే వాల్వ్‌కి టాంపర్ స్విచ్ పెడతారు. ఎవరైనా తిప్పగానే ప్యానెల్ మీద సూపర్‌వైజరీ సిగ్నల్ పడుతుంది.

ట్రబుల్ అంటే, ఫైర్ అలారం సిస్టమ్‌కే జబ్బు చేసింది అని. వైరు తెగింది, మెయిన్ పవర్ పోయింది, బ్యాటరీ డౌన్ అయింది, సెంట్రల్ స్టేషన్‌కి లైన్ కట్ అయింది. ఇలాంటివి.

పరీక్షలో తికమక పెట్టే జంట ఏంటంటే వాటర్‌ఫ్లో, వాల్వ్ టాంపర్. రెండూ స్ప్రింక్లర్ పైపు మీదే ఉంటాయి. నీళ్లు పారితే అలారం. వాల్వ్ కదిలితే సూపర్‌వైజరీ. బావ దీన్ని ఒక్క లైన్‌లో పెట్టుకున్నాడు: "నీళ్లు పరిగెడితే మనమూ పరిగెత్తాలి, వాల్వ్ తిరిగితే వెళ్లి చూడాలి."

ఇంకో జంట, స్మోక్ డిటెక్టర్, స్మోక్ అలారం. మాట్లాడేటప్పుడు రెండూ ఒకటే అంటాం. పరీక్షలో ఒకటి కాదు. డిటెక్టర్ పొగను పట్టుకుని ప్యానెల్‌కి చెప్తుంది, అరిచే పని హారన్‌లది. స్మోక్ అలారం అంటే ఇంట్లో సీలింగ్‌కి ఉండేది, పట్టుకునేదీ అదే, అరిచేదీ అదే. అపార్ట్‌మెంట్ లోపల అది మోగినంత మాత్రాన కింద లాబీలో ప్యానెల్‌కి తెలుస్తుందని అనుకోవద్దు.

డిటెక్టర్ల రకాలు కూడా చూసుకోండి. అయనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోయాక్టివ్ పదార్థం చిటికెడంత ఉంటుంది. భగ్గుమనే మంటల్ని త్వరగా పడుతుంది. ఫొటోఎలక్ట్రిక్ రకంలో లోపల చిన్న లైట్ ఉంటుంది, పొగ రేణువులు దూరితే ఆ వెలుతురు చెదిరి సెన్సర్ మీద పడుతుంది. పరుపు, సోఫా లాంటివి మంట లేకుండా రాజుకుంటాయే, ఆ పొగని ఇది బాగా పడుతుంది. హీట్ డిటెక్టర్లలో ఒకటి ఫలానా టెంపరేచర్‌కి చేరితేనే పనిచేసేది, ఇంకోటి రేట్ ఆఫ్ రైజ్, అంటే వేడి ఎంత స్పీడ్‌గా పెరుగుతోందో చూసేది. కిచెన్‌లో పోపు పెడితే పొగ రోజూ వస్తుంది, అందుకే అలాంటి చోట్ల హీట్ డిటెక్టర్ పెడతారు.

మోతకి కూడా ఒక భాష ఉంది. అర సెకను మోత, అర సెకను గ్యాప్, ఇలా మూడు సార్లు, తర్వాత ఒకటిన్నర సెకను నిశ్శబ్దం. మళ్లీ మొదలు. దీన్ని టెంపోరల్ త్రీ అంటారు. అర్థం ఒక్కటే, బయటికి పదండి అని. నాలుగేసి బీప్‌లు వస్తే అది కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. నేను బీటెక్‌లో ఈసీఈ, ఉద్యోగం మాత్రం సర్వర్ల మీద. ఫైర్ అలారం వైరింగ్ చూస్తే రెండూ కలిసినట్టు అనిపించింది.

మామూలు కాలింగ్ బెల్ వైరు తెగిపోయిందనుకోండి, మీకెప్పుడు తెలుస్తుంది? చుట్టాలొచ్చి నొక్కి నొక్కి చివరికి ఫోన్ చేసినప్పుడు. ఫైర్ అలారం అలా ఉండకూడదు కదా. అందుకని లైన్‌లో ఆఖరి డివైస్ దగ్గర ఒక రెసిస్టర్ పెడతారు. ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ అంటారు. ప్యానెల్ నుంచి కొద్దిపాటి కరెంట్ ఎప్పుడూ ఆ లైన్ మొత్తం తిరిగి వస్తూ ఉంటుంది. ఆ కరెంట్ కనిపిస్తున్నంతసేపు లైన్ బాగున్నట్టు. వైరు తెగితే కరెంట్ ఆగిపోతుంది, ప్యానెల్ ట్రబుల్ చూపిస్తుంది. పుల్ స్టేషన్ లాగితే ఆ రెండు వైర్లు కలిసిపోయి కరెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు అలారం.

మన కాలనీల్లో రాత్రిపూట గూర్ఖా విజిల్ వేసుకుంటూ తిరుగుతాడు గుర్తుందా? విజిల్ వినిపిస్తుంటే మనం హాయిగా పడుకుంటాం. వినిపించలేదంటే ఏదో తేడా. ఈ కరెంట్ కూడా ఆ విజిల్ లాంటిదే. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే హార్ట్‌బీట్ అంటే చాలు. సర్వర్ బతికే ఉన్నానని ప్రతి కొన్ని సెకన్లకి పింగ్ పంపుతుంది, పింగ్ రాకపోతే పేజర్ మోగుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. ఆ రెసిస్టర్‌ని ఆఖరి డివైస్ దగ్గరే ఎందుకు పెట్టాలి? ప్యానెల్ పెట్టెలోనే పెట్టేస్తే పని తేలిక కదా? పెడితే కరెంట్ ప్యానెల్‌లోనే చక్కర్లు కొట్టి వచ్చేస్తుంది. అవతల ఏడో అంతస్తులో వైరు తెగినా ప్యానెల్‌కి అంతా నార్మల్ అనే కనిపిస్తుంది. గూర్ఖా తన గదిలోనే కూర్చుని విజిల్ వేస్తున్నట్టు. ఇది అర్థమైతే సూపర్‌విజన్ అనే మాట బట్టీ పట్టక్కర్లేదు. క్లాస్ ఏ, క్లాస్ బీ తేడా కూడా తేలిపోతుంది. క్లాస్ బీలో లైన్ ఆఖరి దగ్గర ఆగిపోతుంది, మధ్యలో తెగితే అవతలి డివైస్‌లు పోయినట్టే. క్లాస్ ఏలో లైన్ మళ్లీ ప్యానెల్‌కి తిరిగొస్తుంది, ఒకచోట తెగినా రెండో వైపు నుంచి పని జరుగుతుంది. కొత్త అడ్రసబుల్ సిస్టమ్స్‌లో అయితే ప్రతి డిటెక్టర్‌కి ఒక అడ్రస్ ఉంటుంది, ప్యానెల్ ఒక్కోదాన్నీ పేరుపెట్టి పలకరిస్తుంది. ఏ గదిలో ఏ డిటెక్టర్ పలకలేదో డిస్‌ప్లే మీదే వస్తుంది.

పవర్ విషయం కూడా అంతే. కరెంట్ పోతే ఇంట్లో ఇన్వర్టర్ అందుకున్నట్టు, ప్యానెల్‌కి బ్యాటరీలు ఉంటాయి. నేషనల్ స్టాండర్డ్ ప్రకారం మామూలుగా 24 గంటలు స్టాండ్‌బైలో నిలబడి, ఆ తర్వాత కూడా అలారం మోగించే శక్తి ఉండాలి.

ఇప్పుడు అలారం వచ్చినప్పుడు ఎస్-95 ఉన్న మనిషి ఏం చేయాలి? ఈ పరీక్ష మీకు డిటెక్టర్ విప్పి రిపేర్ చేయడం వచ్చా అని అడగదు. రిపేర్లకి లైసెన్స్ ఉన్న కంపెనీలు, టెక్నీషియన్లు వేరే ఉంటారు. మీరు ప్యానెల్ ముందు నిలబడ్డారు, ఎర్ర లైట్ వెలిగింది, పక్కన మేనేజర్ కంగారు పడుతున్నాడు, గెస్టులు ఫోన్లు చేస్తున్నారు. ఆ రెండు నిమిషాలు మీరేం చేస్తారన్నదే పరీక్ష.

ఒక సీన్ చెప్తా. ఏడో అంతస్తులో స్మోక్ డిటెక్టర్ అలారం. పైనుంచి ఎవరో ఫోన్ చేసి, "ఏం లేదు, బ్రెడ్ మాడింది" అన్నారు. మీ దగ్గర నాలుగు ఆప్షన్లు. రీసెట్ కొట్టడం, పైకి వెళ్లి చూసొచ్చి అప్పుడు ఫోన్ చేయడం, సెంట్రల్ స్టేషన్ వాళ్లు చూసుకుంటార్లే అని ఊరుకోవడం, వెంటనే 911కి ఫోన్ చేయడం. ఆన్సర్ 911. సెంట్రల్ స్టేషన్ అంటే సిగ్నల్ అందుకుని ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పే ప్రైవేట్ కంపెనీ. వాళ్లున్నా సరే, మీరు కూడా ఫోన్ చేసి సిగ్నల్ అందిందో లేదో కన్ఫర్మ్ చేసుకోవాలి. ఫైర్‌ఫైటర్లు వచ్చి చూసేదాకా రీసెట్ జోలికి వెళ్లొద్దు. ఎందుకంటే ఏ అంతస్తు, ఏ డిటెక్టర్ మొదట మోగింది అన్న సమాచారం వాళ్లకి ప్యానెల్ మీద కనపడాలి. మీరు రీసెట్ కొడితే అది చెరిపేసినట్టు.

అదే సమయంలో బిల్డింగ్‌లో ఇంకా ఏమేం జరుగుతాయో కూడా అడుగుతారు. లిఫ్ట్ లాబీ డిటెక్టర్ మోగితే లిఫ్ట్‌లు వాటంతటవే ఫిక్స్ చేసిన అంతస్తుకి దిగిపోతాయి. ఆ అంతస్తులోనే పొగ ఉంటే ఇంకో అంతస్తుకి వెళ్తాయి. ఏసీ డక్ట్‌లో డిటెక్టర్ పొగ పడితే ఫ్యాన్లు ఆగుతాయి, లేకపోతే పొగని మనమే అన్ని గదులకీ పంచినట్టవుతుంది. మాగ్నెట్‌తో తెరిచి ఉంచిన తలుపులు మూసుకుంటాయి.

సిస్టమ్ పనిచేయకపోతే ఏం చేయాలన్నది ఇంకో పెద్ద చాప్టర్. దాన్ని ఇంపెయిర్‌మెంట్ అంటారు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలి, ఓనర్‌కి చెప్పాలి, సెంట్రల్ స్టేషన్‌కి చెప్పాలి, ఫైర్ వాచ్ పెట్టాలి. అలా గస్తీ తిరిగే ఫైర్ గార్డ్‌కి ఎఫ్-01 అని ఇంకో సర్టిఫికెట్ ఉంది. మిషన్ చూడలేకపోతే మనిషి కళ్లతో చూడాలి, అంతే లాజిక్. ఎప్పుడు ఆగింది, ఎవరికి చెప్పారు, ఎప్పుడు బాగైంది, అన్నీ లాగ్‌బుక్‌లో టైమ్‌తో రాయాలి. టెస్టింగ్ చేసే రోజు కూడా ముందు సెంట్రల్ స్టేషన్‌కి చెప్పి, అయిపోయాక మళ్లీ ఫోన్ చేసి నార్మల్‌కి తెప్పించాలి. ఆ రెండో ఫోన్ ఎంత ముఖ్యమో ఆలోచించండి. అది చేయకపోతే ఆ రాత్రి నిజంగా మోగినా టెస్టే అనుకుంటారు.

లాగ్‌బుక్ అనగానే గుర్తొచ్చింది. బావ ప్రిపేర్ అవుతున్న మూడో వారంలో, పాఠాలు కళ్లతో చూద్దామని డ్యూటీలో ప్యానెల్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడట. పసుపు లైట్ ఉండాల్సిన చోట చిన్న ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి ఉంది. తీసి చూస్తే ట్రబుల్ లైట్ వెలుగుతూనే ఉంది. బజర్ ఎవరో ఎప్పుడో సైలెన్స్ చేసేశారు. డిస్‌ప్లే మీద బ్యాటరీ ఫాల్ట్. పాత స్టాఫ్‌ని అడిగితే, "అది మూడు నెలలుగా అలాగే ఉంది, వదిలేయ్" అన్నారు.

ఆ రోజు కాల్‌లో బావ పుస్తకం తెరవలేదు. "రేయ్ బామ్మర్దీ, పైన పధ్నాలుగు అంతస్తుల్లో జనం పడుకుని ఉన్నారు. కరెంట్ పోతే ఈ ప్యానెల్ ఉత్త డబ్బా. కొత్తగా చేరినవాణ్ణి, చెప్తే ఏమంటారో" అన్నాడు. నేను వీడియోలో ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. ఆయనే కాసేపు ఆగి, "లాగ్‌బుక్‌లో టైమ్ వేసి రాసేస్తా. రాశాక ఎవరూ చూడలేదని అనలేరు" అన్నాడు. రాశాడు, మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు. రెండ్రోజులు ఆయనతో ఎవరూ సరిగా మాట్లాడలేదట. తర్వాత అలారం కంపెనీ వాళ్లు వచ్చి బ్యాటరీలు మార్చారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆ టేప్ మాత్రం మళ్లీ కనపడలేదు.

దీన్ని ఎగ్జామ్ టిప్‌గా ఎందుకు చెప్తున్నానంటే, బజర్ సైలెన్స్ చేయడం, సమస్య తీరడం రెండూ ఒకటి కాదన్నది ఆ బుక్‌లెట్ మొత్తంలో పరచుకుని ఉన్న విషయం. అక్నాలెడ్జ్, సైలెన్స్, రీసెట్, ఈ మూడు బటన్లకి మూడు వేరే పనులు. అక్నాలెడ్జ్ అంటే చూశాను అని. సైలెన్స్ అంటే మోత ఆపు అని. రీసెట్ అంటే మళ్లీ మొదటి నుంచి చూడు అని. వీటిలో ఏదీ పాడైన బ్యాటరీని బాగుచేయదు.

ఇప్పుడు ఉత్తుత్తి అలారాల సంగతి. బుక్‌లెట్‌లో రెండు మాటలు దగ్గర దగ్గరగా వస్తాయి, అన్‌నెసెసరీ అలారం, అన్‌వారెంటెడ్ అలారం. డిటెక్టర్ తన పని తను కరెక్ట్‌గానే చేసింది, కానీ వంట పొగకో, డ్రిల్లింగ్ దుమ్ముకో మోగింది, ఫైర్ ఇంజన్ రావాల్సిన పని లేదు. అది అన్‌నెసెసరీ. సిస్టమే పాడై, మెయింటెనెన్స్ లేక, తప్పుగా బిగించడం వల్ల మోగితే అది అన్‌వారెంటెడ్. మొదటిదానికి కారణం మనుషులు చేసే పని, రెండోదానికి కారణం సిస్టమ్ లోపం.

చిన్నప్పుడు స్కూల్లో నాన్నా పులి కథ చదువుకున్నాం కదా. న్యూయార్క్‌లో ఆ కథ నిజంగా జరిగింది. 2022 జనవరి 9న బ్రాంక్స్‌లో ట్విన్ పార్క్స్ అనే 19 అంతస్తుల బిల్డింగ్‌లో స్పేస్ హీటర్ నుంచి మంట వచ్చింది. మంట ఒక ఫ్లాట్‌ని పెద్దగా దాటలేదు, పొగ మాత్రం మెట్ల దారంతా నిండిపోయింది. వాటంతటవే మూసుకోవాల్సిన తలుపులు మూసుకోలేదు. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. అక్కడ ఉండేవాళ్లు తర్వాత చెప్పిన మాట ఏంటంటే, ఆ అలారాలు తరచూ ఊరికే మోగేవి, అందుకే ఆ రోజు కూడా మొదట పట్టించుకోలేదని. కథలో తప్పు పిల్లాడిది. ఇక్కడ ఆ జనానిది కాదు. రోజూ ఊరికే మోగుతుంటే ఎవరైనా అలాగే అలవాటు పడతారు. మోగిన ప్రతిసారీ కారణం వెతికి లాగ్‌లో రాసి బాగుచేయించే మనిషి ఉండాలన్నదే ఎస్-95 వెనకున్న ఉద్దేశం.

అసలు ఆ ఊరికి హెచ్చరిక విలువ తెలిసింది ఇంకా ముందే. 1911 మార్చి 25, ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ. ఎనిమిదో అంతస్తులో మంట మొదలైంది. పదో అంతస్తుకి ఫోన్ వెళ్లింది, అక్కడివాళ్లు చాలావరకు పైకప్పు మీదుగా బయటపడ్డారు. మధ్యలో తొమ్మిదో అంతస్తుకి ఎవరూ చెప్పలేదు. మంట కళ్లెదుట కనిపించాకే వాళ్లకి తెలిసింది. మొత్తం 146 మంది పోయారు, ఎక్కువ మంది వలస వచ్చిన కుర్ర అమ్మాయిలు. ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, ఎన్‌వైయూ వాళ్లు వాడుతున్నారు. తొమ్మిదో అంతస్తుకి ఒక గంట మోగి ఉంటే ఎంతమంది బతికేవాళ్లో ఆలోచిస్తూ చదవండి, పుస్తకం బోర్ కొట్టదు.

ఇక ప్రిపరేషన్ ప్లాన్. మేము నాలుగు వారాలు చేశాం, ఉద్యోగం చేసుకుంటూ రోజుకి గంట.

మొదటి వారం, బుక్‌లెట్ అంతా ఒక్కసారి కథలా చదివేయండి. హైలైటర్ పట్టుకోవద్దు. రెండో వారం, చాప్టర్ చదివి పుస్తకం మూసేసి, తెలుగులో ఎవరికైనా చెప్పండి. మీ అమ్మకి చెప్పండి, రూమ్‌మేట్‌కి చెప్పండి. తెలుగులో చెప్పలేకపోతున్నారంటే ఇంగ్లీష్ మాటలు మాత్రమే గుర్తున్నాయి, విషయం ఇంకా ఎక్కలేదు. మూడో వారం, మీరుండే బిల్డింగ్‌లో నడవండి. పుల్ స్టేషన్ ఎక్కడుంది, హారన్ ఎక్కడ, స్ప్రింక్లర్ వాల్వ్ ఎక్కడ, ప్యానెల్ మీద ఏ లైట్ వెలుగుతోంది. చూడండి చాలు, ముట్టుకోవద్దు. నాలుగో వారం, నంబర్లన్నీ ఒకే పేజీ మీద చేత్తో రాసి రోజూ చూడండి. ఎన్ని రోజులకోసారి, ఎన్ని గంటల్లో, ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఆ పేజీలో ఉండాలి.

ప్రశ్నలు చదివే పద్ధతి గురించి. మన తెలుగు మీడియం ఫ్రెండ్స్‌కి ఇక్కడే ఇబ్బంది. కింది వాటిలో ఏది కాదు, ఏది తప్ప, ఇలాంటి ప్రశ్నలుంటాయి. నాట్, ఎక్సెప్ట్ అనే మాట కనపడగానే ఆగి, ప్రశ్నని మనసులో తెలుగులో అనుకోండి. ఇంకో రకంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రోమన్ అంకెలతో నాలుగు వాక్యాలిచ్చి, ఒకటీ మూడూ కరెక్ట్, రెండు మాత్రమే కరెక్ట్ అని ఆప్షన్లుంటాయి. ముందు ఒక్కో వాక్యం పక్కన అవును, కాదు అని తేల్చుకుని, తర్వాతే ఆప్షన్లు చూడండి. ఉల్టా చేస్తే కన్‌ఫ్యూజ్ అవుతారు.

బుక్‌లెట్‌లో ఒక శాంపిల్ ప్రశ్న భలే ఉంటుంది. పరీక్షలో ఆన్సర్ తెలియకపోతే ఎవర్ని సాయం అడగాలి అని. ఆన్సర్, ఎవర్నీ అడగకూడదు, అక్కడి స్టాఫ్ సాయం చేయరు అని. నవ్వొస్తుంది గానీ, పరీక్ష మూడ్ ఎలా ఉంటుందో ముందే చెప్పేశారు. ఫోన్ లోపల వాడనివ్వరు, అది గుర్తుపెట్టుకోండి.

బావ పాసయ్యాడు. ఇప్పుడు నైట్ షిఫ్ట్ ఆయనదే. మా అక్క కంప్లైంట్ ఏంటంటే, ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు సీలింగ్ వైపు చూస్తున్నాడట.

మీరు హైదరాబాద్‌లో ఉన్నా, వైజాగ్‌లో ఉన్నా, జెర్సీ సిటీలో ఉన్నా, రేపు ఆఫీసుకో హాస్టల్‌కో వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీ అంతస్తులో రెండో మెట్ల దారి ఎక్కడుందో, ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. తాళం వేసి ఉంటే, దానికి అడ్డంగా కుర్చీలు, అట్టపెట్టెలు పేర్చి ఉంటే, అడ్మిన్‌కి ఒక మెయిల్ పెట్టండి. డేట్, టైమ్ వేసి పెట్టండి.

ఎస్-95 రాస్తున్నవాళ్లు ఏ చాప్టర్ కష్టంగా ఉందో కామెంట్‌లో తెలుగులోనే రాయండి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి, బై.